టిప్పర్లు, వాలు, ఏటిగట్టు: కోనసీమలో బరువు బండ్ల భద్రత

వెనక బాడీని హైడ్రాలిక్ జాకీతో పైకెత్తి సరుకు దించే బరువు లారీని టిప్పర్ అంటారు. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో ఇదే పనిచేసే భారీ యంత్రాన్ని డంపర్ అంటారు. రెండింటికీ వాలు మీదే అసలు పరీక్ష. సమతలం మీద బండి బరువు నేల మీదికి నిటారుగా దిగుతుంది. వాలు మీద అందులో కొంత భాగం బండిని కిందికి లాగుతుంది, ఇంకొంత పక్కకు తోస్తుంది. కొండలే లేని కోనసీమలో ఈ విషయం ఎందుకని అనిపించవచ్చు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య, బంగాళాఖాతం అంచున పరుచుకున్న ఈ డెల్టాలో ఘాట్‌రోడ్డు లేదు. అయినా ఇక్కడ నడిచే ఇసుక టిప్పరు దాదాపు ప్రతి ట్రిప్పులోనూ కనీసం ఒక నిట్రపు వాలు దాటాలి. ఏటిగర్భం నుంచి ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపు అది. ఇసుక తీసే చోటును గోదావరి జిల్లాల్లో ఇసుక ర్యాంపు అనే పిలుస్తారు. ఇక్కడి ఇసుక రవాణాలో వాలు ఎంత విడదీయరానిదో ఆ వాడుకే చెబుతుంది.

వాలు మీద జరిగే ప్రమాదానికి మొదటి నింద డ్రైవరు మీద పడుతుంది. బండి వెనక్కి జారితే బ్రేకు పట్టలేదని, పక్కకు ఒరిగితే అంచుకు పోయాడని అంటారు. ఈ వ్యాసం వాదం వేరు. వాలు మీద ఏం జరగబోతుందో చాలావరకు బండి వాలు ఎక్కకముందే తేలిపోతుంది. బాడీలో ఎంత పోశారు, ర్యాంపును ఏ వాలున ఏ మన్నుతో వేశారు, అంచున కట్ట ఉందా, బ్రేకులు చూశారా, డ్రైవరుకు జీతం ఏ లెక్కన ఇస్తున్నారు అన్నవే ఫలితాన్ని నిర్ణయిస్తాయి. డ్రైవరు నేర్పు అవసరమే. కానీ ముందు నిర్ణయాలు సరిగా ఉన్నప్పుడే ఆ నేర్పు అక్కరకొస్తుంది.

కోనసీమలో వాలు ఎక్కడుంది

2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. అదే ఏడాది దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరింది. ఇక్కడ బరువు బండ్లకు మూడు రకాల వాలులు ఎదురవుతాయి. మొదటిది వంతెనల అప్రోచ్‌లు: జాతీయ రహదారి 16 మీద జొన్నాడ, రావులపాలెంల మధ్య గౌతమి వంతెన, సిద్ధాంతం దగ్గర వసిష్ఠ వంతెన, జాతీయ రహదారి 216 మీద యానాం వైపు ఎదుర్లంక వంతెన, రాజోలు దాటాక దిండి–చించినాడ వంతెన. రెండోది ఏటిగట్టు ర్యాంపులు. ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట వైపు ఇసుక బండ్లు ఏట్లోంచి గట్టెక్కి, మళ్లీ గట్టు అవతల ఊరి రోడ్డు మీదికి దిగుతాయి. మూడోది పల్లపు స్థలాలు మెరక చేసే చోట్లు. పొలం గట్టో కాలువ గట్టో దిగి, అప్పుడే పోసిన మన్ను మీద నిలబడి బాడీ ఎత్తాలి.

ఈ మూడింటిలో మొదటిదాన్ని ఇంజినీర్లు లెక్కగట్టి కట్టారు. మైదాన ప్రాంతపు రోడ్డుకు భారత రోడ్ల కాంగ్రెస్ చెప్పే మామూలు వాలు 30కి 1, అంటే ముప్పై మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు. హద్దుగా 20కి 1, తప్పనిసరైన చోట 15కి 1 వరకు ఒప్పుకుంటారు. మిగతా రెండింటికీ అలాంటి లెక్క కనిపించడం అరుదు. గట్టు ఎంత ఎత్తుంటే అంత ఎత్తును దొరికిన జాగాలో ఎక్కించేస్తారు. జాగా తక్కువైతే ర్యాంపు నిట్రమవుతుంది. పొక్లెయిన్‌తో పూటలో వేసిన ర్యాంపు మీద జాతీయ రహదారి వంతెన ఎక్కే బండే ఎక్కాలి. ఘాట్‌రోడ్డు డ్రైవరుకు కిలోమీటర్ల దిగుడులో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పడం పెద్ద భయం. కోనసీమ ర్యాంపు పొట్టిది, అందువల్ల ఆ భయం ఇక్కడ తక్కువ. ఇక్కడి భయాలు మెత్తని నేల, ఇరుకు దారి, కూలే అంచు. ఘాట్‌రోడ్డు జాగ్రత్తలు మాత్రమే వల్లిస్తే ఇవి లెక్కలోకి రావు.

బరువు లెక్క

పది టైర్ల టిప్పరు, అంటే మూడు ఇరుసుల బండి, సరుకుతో కలిపి 25 టన్నులకు మించకూడదని ఒకప్పటి నిబంధన. 2018 జులైలో కేంద్రం దాన్ని 28.5 టన్నులకు పెంచింది. వెనక జంట ఇరుసుల మీద 21 టన్నుల వరకు అనుమతి ఉంది. బాడీతో కలిపి ఖాళీ బండి సుమారు 11 టన్నులనుకుంటే, చట్టప్రకారం పోయదగ్గ సరుకు పదిహేడున్నర టన్నులు. ఇసుకను యూనిట్లలో కొలవడం మన అలవాటు. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, దాదాపు 2.83 ఘనపు మీటర్లు. పొడి ఇసుక ఘనపు మీటరు 1.6 టన్నులు తూగుతుంది కాబట్టి యూనిట్ నాలుగున్నర టన్నులవుతుంది. నీళ్లలోంచి అప్పుడే తీసిన ఇసుక ఘనపు మీటరు 2 టన్నులకు చేరువ. అంటే తడి యూనిట్ అయిదున్నర టన్నుల పైమాటే. కాబట్టి ఒకే బండికి చట్టం ఒప్పే సరుకు పొడి ఇసుకైతే నాలుగు యూనిట్ల లోపు, తడి ఇసుకైతే మూడు.

కంటికి కనిపించేది ఘనపరిమాణం, వాలు మీద లాగేది బరువు. అయిదు యూనిట్లు పట్టే బాడీని తడి ఇసుకతో అంచుల దాకా నింపితే సరుకే 28 టన్నులు, బండితో కలిపి 39 టన్నులు. బాడీ మీద గుట్ట కట్టలేదు కాబట్టి చూసేవారికి ఓవర్‌లోడ్ అనిపించదు. పడవల మీద నది మధ్య నుంచి తెచ్చి ఒడ్డున పోసిన ఇసుకను నీరు ఓడనివ్వకుండా వెంటనే ఎత్తిస్తే జరిగేది ఇదే. వెనక తలుపు సందుల్లోంచి నీళ్లు ధారకట్టే టిప్పరు రెండు విధాలా చేటు. దాని బరువు కాటా ఎక్కకుండానే తెలిసిపోతుంది, అది కార్చిన నీరు ర్యాంపును తడిపి వెనక వచ్చే బండికి పట్టు లేకుండా చేస్తుంది. 10కి 1 వాలు మీద 28.5 టన్నుల బండిని కిందికి లాగే బలం సుమారు 2.85 టన్నులు. 39 టన్నుల బండికి అదే 3.9 టన్నులు. ఇంజను, క్లచ్, బ్రేకులు, కమాను కట్టలు మొదటి అంకెకు తయారైనవి.

వాలుతో పాటు నేల కూడా లెక్కలోకి వస్తుంది. వదులు ఇసుకలో చక్రం కూరుకుపోయి దొర్లుతుంది కాబట్టి, ముందుకు కదలడానికే బండి బరువులో పది నుంచి పదిహేను శాతం బలం కావాలి. గట్టిగా తొక్కించిన గ్రావెల్ మీద మూడు శాతం చాలు. 10కి 1 వాలు ఎక్కడానికి ఇంకో పది శాతం కావాలి. అంటే ఇసుక ర్యాంపు మీద మొత్తం ఇరవై నుంచి ఇరవై అయిదు శాతం, గ్రావెల్ ర్యాంపు మీద పదమూడు శాతం. ఇంజను బలం ఎంతున్నా నేలను పట్టుకునేవి వెనక చక్రాలే. వాటి మీదుండేది మొత్తం బరువులో ముప్పాతిక భాగం లోపు. తడి మన్ను మీద రబ్బరు పట్టు ఆ బరువులో మూడో వంతుకు కూడా చేరదు, మొత్తం బరువులో చూస్తే ఇరవై రెండు శాతం దగ్గర ఆగుతుంది. కావలసిన బలం, దొరికే పట్టు దాదాపు సమానమయ్యాయి. ఇక్కడ టైరు తిరుగుతుంది, బండి కదలదు, తర్వాత వెనక్కి జారుతుంది. గ్రావెల్ మీద పట్టు ముప్పై అయిదు శాతం దాటుతుంది, కావలసింది పదమూడే. ఒకే డ్రైవరు, ఒకే బండి, ఒకే వాలు. తేడా అంతా ర్యాంపు మీద పరిచిన గ్రావెల్‌దే.

గట్టు మన్ను, వరద వెళ్లిన రోజులు

ఏటిగట్టును రోడ్డుగా తలచి కట్టలేదు. అది వరదను ఆపే అడ్డుకట్ట. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లకు గండ్లు పడిన నాటి నుంచి వాటిని ఎత్తు చేస్తూ, బలపరుస్తూ వచ్చారు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు లంకలు మునిగాయి, గట్ల మీద జనం రాత్రింబవళ్లు కాపలా కాశారు. అలాంటి గట్టుకు ర్యాంపు కోసం కోత పెట్టినా, వాలు మన్ను వదులు చేసినా, బండి ఒరిగే ప్రమాదంతో పాటు వచ్చే ఏటి వరదలో ఊరికి గండి ప్రమాదం కూడా కూడబెట్టినట్టే. అందుకే టిప్పరు భద్రత, గట్టు భద్రత రెండు వేర్వేరు విషయాలు కావు.

కాలం మరో ప్రమాదం తెస్తుంది. వర్షాకాలంలో నదిలో ఇసుక తవ్వకం నిషిద్ధం. వరద తగ్గాక ర్యాంపులు మళ్లీ తెరుస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే గట్టు ఏటివైపు వాలు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. వరద నిలిచినన్నాళ్లూ నీరు గట్టు కడుపులోకి ఇంకుతుంది. ఏరు తగ్గినంత త్వరగా ఆ నీరు బయటికి రాలేదు. అప్పటిదాకా బయటినుంచి గట్టును ఒత్తిపట్టిన నీటి ఆసరా పోతుంది, లోపలి తడి బరువు మాత్రం మిగులుతుంది. మట్టి ఇంజినీరింగులో ఇది బాగా తెలిసిన విషయం, గట్లు జారేది ఎక్కువగా నీరు వేగంగా తగ్గినప్పుడే. పైకి ఎండి గట్టిగా కనిపించే ఆ మన్ను అంచున ఒక్కో వెనక టైరు రెండున్నర టన్నుల బరువు మోపుతుంది. అందువల్ల ర్యాంపు తెరిచే తేదీని క్యాలెండరు చూసి కాక గట్టును చూసి నిర్ణయించాలి. ఊటలు ఆగాయా, అంచుకు సమాంతరంగా బీటలు ఉన్నాయా, కాలితో తొక్కితే మన్ను అణుగుతోందా అని చూశాకే మొదటి బండిని వదలాలి. బీట కనిపించిన అంచుకు బండిని దూరంగా ఉంచాలి. అంచు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరం లోపలికి నడపడం మంచి ఆనవాయితీ.

ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు

నిండు బండి ర్యాంపు ఎక్కే ముందు కింద సమతలం మీదే ఆగాలి. ఎయిర్ ప్రెషర్ ముల్లు సరిపడా పైకి వచ్చిందో లేదో చూసి, ఎక్కడానికి కావలసిన తక్కువ గేరును అక్కడే వేసుకోవాలి. వాలు మధ్యలో క్లచ్ తొక్కి గేరు మార్చబోయిన క్షణంలో చక్రాలకు ఇంజనుతో బంధం తెగిపోతుంది. ఎక్కుతున్న వేగం ఆ క్షణంలోనే చచ్చిపోతే బండి వెనక్కి జారడం మొదలవుతుంది. ఏటి అంచున నీళ్లలో నిలిచిన బండికి మరో ఇబ్బంది ఉంది. బ్రేకు డ్రమ్ముల్లోకి నీరు, సన్న ఇసుక చేరతాయి. తడిసిన లైనర్లు పట్టవు, ఇసుక వాటిని అరగదీస్తుంది. నీళ్లలోంచి వచ్చిన బండిని కొద్ది దూరం నెమ్మదిగా నడుపుతూ బ్రేకును మెల్లగా తొక్కి లైనర్లు ఆరబెట్టుకున్నాకే ర్యాంపు వైపు తిప్పాలి.

మధ్యలో బండి ఆగిపోతే ఏం చేయాలన్నది డ్రైవరు, క్లీనరు ముందే మాట్లాడుకుని ఉండాలి. ఇక్కడ ఎక్కువ ముప్పు క్లీనరుకే. బండి జారుతుంటే దూకి, రాయి పట్టుకుని వెనక టైరు కిందికి పరిగెత్తడం అతనికి అలవాటైన విధి. ముప్పై టన్నుల బండి ఒకసారి కదిలాక ఆ రాయి మీదుగా ఎక్కిపోతుంది, లేదా రాయిని విసిరికొడుతుంది. అడ్డుదిమ్మ వేయాల్సింది నిలిచిన బండికే, అదీ హ్యాండ్ బ్రేకు వేసి డ్రైవరు చెప్పిన తర్వాతే. జారే బండి వెనక ఎవరూ ఉండకూడదు. ఎక్కలేక ఆగిన బండిని స్టీరింగు నిటారుగా ఉంచి, రివర్స్ గేరులోనే, పక్కనుంచి సైగ చేసే మనిషి చూపులో కిందికి దించాలి. వాలుకు అడ్డంగా తిప్పితే పక్క ఒరుగుడు మొదలవుతుంది. ఒక బండి ర్యాంపు మీదుండగా మరో బండి దాని వెనక ఎక్కకూడదు. ఇరుకు వాలు మీద దిగే బండి పక్కకు ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలని మోటారు వాహన నియమాల్లోనే ఉంది. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టమన్న అనుభవం నుంచి పుట్టిన నియమమది.

గట్టు దాటాక ఊరివైపు దిగుడు పొట్టిగా ఉంటుంది, కానీ దాని అడుగున ఇళ్లు, సైకిళ్లు, కాలువ వంతెన ఉంటాయి. నిండు బండి అక్కడ బ్రేకును మాత్రమే నమ్మకూడదు. ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చిందో దిగడానికీ అదే గేరు, లేదా దానికంటే కిందిది వేసుకుని, ఎగ్జాస్ట్ బ్రేకు వాడుతూ ఇంజను పట్టు మీద దిగాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే అలవాటు ప్రమాదకరం, పైగా దానికి ఇప్పుడు ఆధారమే లేదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజన్లు గేరులో దిగేటప్పుడు, యాక్సిలరేటరు వదిలితే డీజిల్ సరఫరాను ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటాయి.

బాడీ ఎత్తేటప్పుడు

టిప్పరు తిరగబడే అవకాశం ఎక్కువగా ఉండేది కదులుతున్నప్పుడు కాదు, నిలబడి బాడీ ఎత్తుతున్నప్పుడు. బాడీ పైకి లేచిన కొద్దీ బరువు కేంద్రం కూడా లేస్తుంది. బండి వెడల్పులో టైర్ల మధ్య దూరం దాదాపు రెండు మీటర్లు. కాబట్టి బరువు కేంద్రం మధ్యరేఖ నుంచి ఒక మీటరు పక్కకు వస్తే పడిపోవడమే. అప్పుడే పోసిన మన్ను మీద ఒక పక్క టైర్లు జానెడు, అంటే ఇరవై సెంటీమీటర్లు దిగబడ్డాయనుకుందాం. ఒరుగుడు 10కి 1 అయింది. బరువు కేంద్రం మూడు మీటర్ల ఎత్తులో ఉంటే అది ముప్పై సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే మూడో వంతు భద్రత అక్కడే పోయింది. ఆ ఒరుగుడుతో బరువులో ఎక్కువ భాగం కింది పక్క టైర్ల మీదికి చేరి, అవి ఇంకా దిగబడతాయి. దానికి తోడు తడి నల్లమట్టి బాడీ ముందు భాగంలో, అంటే ఎత్తిన తర్వాత అన్నిటికంటే పై భాగంలో, అతుక్కుని ఒక మూలకు మిగిలితే పడటానికి గాలి తోపు చాలు.

అందుకే బాడీ ఎత్తే చోటు సమతలంగా, గట్టిగా, రెండు పక్కలా ఒకే తీరుగా ఉండాలి. మెరక చేసే స్థలంలో ఒక పక్క పాత నేల మీద, మరో పక్క కొత్త మన్ను మీద నిలబడి ఎత్తకూడదు. కాలువ అంచుకు వెనక్కి వెళ్లి నేరుగా అంచు మీదుగా పోయడానికి బదులు, లోపల పోసి జేసీబీతో ముందుకు నెట్టించాలి. మన్ను అతుక్కుంటే బండిని ముందుకు వెనక్కి కుదిపి రాల్చే పని ప్రాణాంతకం. బాడీ దించి పారతో గీకించాలి. ఎత్తుతున్నంతసేపు బండికి రెండు పక్కలా బాడీ పొడవంత దూరం మనిషి ఉండకూడదు. తలెత్తి తీగలు చూడాలి. వీధి మీదుగా వెళ్లే తక్కువ వోల్టేజీ తీగలు నేలనుంచి కనీసం 5.8 మీటర్లు, హై వోల్టేజీవి 6.1 మీటర్లు ఉండాలని విద్యుత్ నియమాలు చెబుతాయి. పూర్తిగా ఎత్తిన బాడీ ఆ ఎత్తును అందుకోగలదు. కొబ్బరిచెట్ల మధ్య తీగ కనిపించదు కూడా. తీగ తగిలితే డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండి కరెంటు తీయించాలి. మంటలు లేచి తప్పనిసరైతే బండిని, నేలను ఒకేసారి ముట్టుకోకుండా రెండు కాళ్లూ దగ్గర పెట్టి దూరంగా దూకాలి. బాడీ పూర్తిగా దిగాకే బండి కదలాలి.

చట్టం గీసిన గీత

గనుల్లో డంపర్ల దారికి స్పష్టమైన ప్రమాణాలున్నాయి. మన దేశపు ఓపెన్‌కాస్టు గనుల్లో సరుకు దారి వాలు సాధారణంగా 16కి 1 మించకూడదు. పొట్టి ర్యాంపుల దగ్గర మాత్రం 10కి 1 వరకు ఒప్పుకుంటారు. అమెరికా గని నియమాలు, పడిపోయే అవకాశమున్న దారి అంచున ఆ దారిలో నడిచే పెద్ద బండి ఇరుసు మధ్య ఎత్తుకు తగ్గని కట్ట ఉండాలంటాయి. గోదావరి ఇసుక రేవుకు ఇలాంటి ప్రమాణాలు ఎందుకు వర్తించడం లేదో చూస్తే విషయం తేటపడుతుంది. 1952 గనుల చట్టం మూడో సెక్షను మామూలు ఇసుక, గ్రావెల్ వంటివి తీసే బయలు తవ్వకాలను చాలా నిబంధనల నుంచి మినహాయించింది. లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకూడదు, ఏ రోజునా యాభై మందికి మించి పనివాళ్లు ఉండకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు అన్నవి షరతులు. నదిలో ఇసుక తవ్వకపు లోతుకు కేంద్ర పర్యావరణ మార్గదర్శకాలు పెట్టిన హద్దే మూడు మీటర్లు. అంటే నియమం పాటించే ఇసుక రేవు ఈ మినహాయింపులోకి సులువుగా వచ్చేస్తుంది.

లోతు తక్కువ కాబట్టి గోడ కూలే ముప్పు తక్కువని తలచి చట్టం ఈ గీత గీసినట్టుంది. తవ్వే మనిషి విషయంలో అది సబబు. సరుకు మోసే బండి విషయంలో కాదు. మూడు మీటర్ల లోతు తవ్వకానికి పక్కనే గట్టు ఎత్తు కలుస్తుంది. బండి ఎక్కాల్సింది ఆ మొత్తం ఎత్తు. సింగరేణిలో కొలిచి వేసిన దారి మీద నడిచే డ్రైవరుకు ఉన్న రక్షణ ఇసుక ర్యాంపు మీద టిప్పరు డ్రైవరుకు లేదు. అతనికి మిగిలింది మోటారు వాహనాల చట్టం ఒక్కటే. అది బండిని చూస్తుంది, ర్యాంపును చూడదు. ఓవర్‌లోడుకు 194వ సెక్షను కింద 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000 చొప్పున జరిమానా 2019 సవరణతో వచ్చింది. డ్రైవరు యజమాని కానప్పుడు, అధిక బరువు యజమానికి తెలిసే, లేదా అతని ఆజ్ఞ మీదే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షను చెబుతుంది. నింద ఎవరిది అన్న ప్రశ్నకు ఆ ఒక్క వాక్యం చాలా దూరం జవాబిస్తుంది. బండిలో ఎంత పోయాలో నిర్ణయించేది స్టీరింగు ముందు కూర్చున్నవాడు కాదని శాసనం గుర్తించింది.

అభ్యంతరాలకు సమాధానం

అనుభవమున్న డ్రైవర్లు ఏళ్లుగా ఇవే ర్యాంపులు ఎక్కిస్తున్నారు కదా అనేది మొదటి అభ్యంతరం. నిజమే. భారీ వాహన లైసెన్సు పరీక్షలో ఎగువ వాలు మీద బండి ఆపి వెనక్కి జారకుండా కదిలించడం కూడా ఒక అంశమే. కానీ పైన చూసిన లెక్కలో నేల పట్టు, కావలసిన బలం సమానమైన చోట నేర్పుకు చోటు లేదు. అనుభవజ్ఞుడు ఆ హద్దును ముందుగా పసిగట్టగలడు, దాన్ని మార్చలేడు. పసిగట్టి ‘ఈ ర్యాంపు ఎక్కను’ అనగలిగే హక్కు అతనికి ఉండాలి. ట్రిప్పుకింత అని జీతమిస్తే ఆ మాట అన్నవాడి రోజు కూలి పోతుంది. కాబట్టి అనుభవాన్ని నిజంగా గౌరవించేవారు జీతపు పద్ధతిని మార్చాలి. నెల జీతం ఉన్న డ్రైవరు తన అనుభవాన్ని వాడుకోగలడు. ట్రిప్పు లెక్కన బతికేవాడు దాన్ని అణచుకోవలసి వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బరువు తగ్గిస్తే ట్రిప్పులు పెరుగుతాయి, ఊళ్లలో బండ్లు పెరుగుతాయి, ప్రమాదాలూ పెరుగుతాయి అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. మూడు బండ్లలో పోయేది నాలుగైదు బండ్లలో పోవాలి. అయితే నష్టం బరువుతో సమానంగా పెరగదు. 1958–60లో అమెరికాలో జరిగిన ప్రసిద్ధ రోడ్డు పరీక్షలు ఇరుసు బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని చూపాయి. ఇరుసు మీద బరువు ఒకటిన్నర రెట్లయితే దెబ్బ అయిదు రెట్లు. ట్రిప్పులు మూడో వంతు తగ్గినా మొత్తం నష్టం మూడు రెట్లు దాటుతుంది. ఆ దెబ్బతో గుంతలు పడి, అంచులు విరిగిన కాలువగట్టు రోడ్డు మీద తర్వాత జరిగే ప్రమాదాలన్నీ అదే లెక్కలో రాయాలి. గట్టు అంచు సంగతీ అంతే. హద్దు లోపలి బరువును పదిసార్లు మోసిన అంచు, హద్దు దాటిన బరువుకు ఒక్కసారిలో జారిపోవచ్చు.

మూడో అభ్యంతరం ఖర్చు. ర్యాంపు ఒక్క సీజనుకే, వరద వస్తే కొట్టుకుపోయేదానికి గ్రావెల్, అంచుకట్ట ఎందుకని అడుగుతారు. టిప్పరు టైరు ఇరుసు ఎత్తు దాదాపు అర మీటరు. ర్యాంపు వేసిన పొక్లెయిన్ అక్కడే ఉండగా ఆ ఎత్తున మట్టి కట్ట పోయడం పెద్ద ఖర్చు కాదు. గట్టిపడిన అంచుకు లోపలగా పోస్తే చాలు. గ్రావెల్‌కు డబ్బు అవుతుంది. కానీ ఇసుకలో తిరిగే టైరు, మాడే క్లచ్ ప్లేట్లు, జేసీబీతో లాగించిన గంటలు ఇప్పుడు కూడా యజమాని జేబులోంచే పోతున్నాయి. కొత్త బండ్లలో వాలు మీద వెనక్కి జారకుండా పట్టే ఏర్పాట్లు, మెరుగైన బ్రేకులు వచ్చాయి కాబట్టి ఇవన్నీ అక్కర్లేదనేవారు కూడా ఉన్నారు. అవి మంచి సాధనాలే. అయితే బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది, నేలను కాదు. చక్రం తిరగకపోయినా తడి మన్ను మీద బండి మొత్తంగా జారవచ్చు. అంచు కూలితే ఏ బ్రేకూ ఆపలేదు.

ఎవరి పని ఏది

2024 జులై 8 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉచిత ఇసుక విధానం అమల్లోకి వచ్చింది. ఇసుక ధర మీద, దొరకడం మీద జరిగినంత చర్చ ఇసుక దారి మీద జరగలేదు. విధానం ఏదైనా, రేవు తెరిచే అనుమతికి ముందు ర్యాంపును కొలవడం అందులో భాగం కావాలి. వాలు 10కి 1 మించిందా, పైన తొక్కించిన గ్రావెల్ ఉందా, అంచున అర మీటరు కట్ట ఉందా, గట్టు మీద ఊటలు, బీటలు లేవా అన్న నాలుగు ప్రశ్నలకు ఏటిగట్టు బాధ్యత చూసే జలవనరుల ఇంజినీరు, గనుల శాఖ అధికారి సంతకం పెట్టాలి. ప్రతి భారీ వాన తర్వాత మళ్లీ చూడాలి. పోసే చోట నీరు ఓడిన ఇసుకనే ఎత్తించే బాధ్యత రేవు నడిపేవారిది. కాటా ర్యాంపు దాటాక ఎక్కడో రోడ్డు మీద ఉంటే ర్యాంపు మీది మనిషికి దానితో ఉపయోగం లేదు. ఎత్తించే చోటే బరువు తెలియాలి, కనీసం తడి ఇసుక మూడు యూనిట్లు అన్న గీతను బాడీ లోపల రంగుతో గీయాలి. బ్రేకు లైనర్లు, అడ్డుదిమ్మలు, నెల జీతం యజమాని పని. తక్కువ గేరు, నిటారు స్టీరింగు, సమతలం మీదే బాడీ ఎత్తడం డ్రైవరు పని.

ఈ వరుసలో డ్రైవరు చివరివాడు. అతని కంటే ముందున్నవారంతా తమ పని చేస్తే అతనికి మిగిలేది నేర్చుకోదగ్గ, చేయదగ్గ పని. వాళ్లు వదిలేస్తే ఆ లోటంతా వాలు మధ్యలో, కొన్ని క్షణాల్లో, ఒక్క మనిషి పూడ్చాల్సి వస్తుంది. ప్రమాదం జరిగాక డ్రైవరు మీద కేసు రాయడం సులువు. ర్యాంపు వాలును టేపుతో కొలవడం అంతకంటే సులువు, దానికి ఒక పూట పట్టదు. ఇసుక తీసే ప్రతి రేవులోనూ మొదటి బండి దిగే ముందు ఆ కొలత జరగాలని అడగడానికి అధికారులకే కాదు, గట్టు కింద కాపురముండే ప్రతి ఊరికీ హక్కుంది.